పదకొండో సూది

లెక్క నాది.
గుచ్చేది డాక్టర్ తూ, తీసేదీ ఆయనే.
పింగాణీ గిన్నెలో పడ్డ సూదుల్ని లెక్కపెట్టి
చీటీ మీద రాసి
ఎర్ర డబ్బాలో వేయడం నా పని.
ఎక్కినవి ఎన్నో దిగినవీ అన్నే ఉండాలి.
రేవులో సరుక్కి కూడా ఇదే న్యాయం.

కీలుంగ్‌లో వాన ఆగదు.
ఆగితే జనం కిటికీలోంచి తల బయటపెట్టి
ఏమైందోనని చూస్తారు.
అలాంటి వాన మధ్యాహ్నం, గొడుగు మడవకుండానే
లోపలికొచ్చింది కావ్ షియూ-లువాన్.
ముప్ఫై ఒక్క ఏళ్ళు చేపల వేలంలో ధరలు రాసిన మనిషి.
ఆ బజారు అర్ధరాత్రి తెరుస్తారు,
తెల్లారేసరికి ఐసు నీళ్ళు కడిగి మూస్తారు.
కొలువు మానేసి తొమ్మిదేళ్ళు.
ఇప్పటికీ రాత్రి రెండింటికి ఎవరో చెవిలో అరుస్తారట:
కానాగంతలు నలభై బుట్టలు, రాసుకో!

నిద్ర సుఖమెరగదంటారు.
పడుకోగానే పట్టేవాళ్ళ మాట అది.

సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టింది
తెల్ల బిళ్ళల అట్ట, గడ్డం గీసుకునే బ్లేడు.
"పెద్దాసుపత్రిలో చెప్పారు, ఒక్కసారిగా మానొద్దని,
రెండు వారాలకోసారి కాస్త కాస్త తగ్గించమని.
చేపనైతే కళ్ళు మూసుకుని కోస్తాను.
దీన్ని కొయ్యబోతే చెయ్యి వణుకుతోంది."

డాక్టర్ తూకి మాటలు పొదుపు.
"నిద్ర నా దగ్గర లేదమ్మా, ఇవ్వడానికి.
నీలో ఒక కాపలావాడు డ్యూటీ దిగట్లేదు.
కాసేపు కూర్చోమని అడుగుదాం."

నడినెత్తిన ఒకటి, కనుబొమల నడుమ ఒకటి,
మణికట్టు మడతల్లో చెరొకటి
(ఆ చోటికి పాతవాళ్ళు పెట్టిన పేరు మనసు గుమ్మం),
చెవులకి, మోకాళ్ళ కింద, చీలమండల దగ్గర,
బొడ్డుకి రెండు వేళ్ళ దిగువన ఒంటరిగా ఒకటి.
పదకొండు.

సగం బిళ్ళ అయింది. ముప్పాతిక పోయి పావు అయింది.
ఆ పావు దగ్గర జారింది.
ఒక రాత్రి ముక్క కాదు, మొత్తం మింగేసి
సిగ్గుపడి రెండు వారాలు మొహం చూపించలేదు.
వచ్చాక ఆయన ఏమీ అడగలేదు.
"బ్లేడుకి తుప్పు పట్టిందేమో చూసుకో," అన్నాడంతే.

ఆ గురువారం గిన్నెలో పది.

దుప్పటి దులిపాను. మంచం కింద దేవాను.
నా చెప్పుల అడుగులు కూడా తిప్పి చూశాను.
డాక్టర్ తూ తన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని
అలాగే ఆగిపోయాడు.
"జుట్టు," అన్నాడు.

ఫోను మోగుతోంది, ఎత్తట్లేదు.
గొడుగు మర్చిపోయి పరిగెత్తాను.
ఆమె దిగే స్టాపులో దిగలేదు.
చివరి స్టాపులో, కొండ మలుపు దగ్గర,
ఇంజను ఆపకుండా నిలబెట్టి ఉంది బస్సు.
డ్రైవరు పానాయ్ మెట్టు మీద నిలబడి
పెదాల మీద వేలు పెట్టింది.
"రెండు ట్రిప్పులైంది. లేపబుద్ధి కాలేదు."

వెనక సీట్లో, అద్దానికి చెంప ఆనించి,
నోరు కాస్త తెరిచి, షియూ-లువాన్.
నెరిసిన పాపిట మధ్య సూది
ఇంజను వణికినప్పుడల్లా సన్నగా వణుకుతోంది,
చేప పడిందో లేదో చెప్పలేని గేలం కర్రలా.

తీయాలి. నా పని అదే.
చెయ్యి చాపి, వెనక్కి తీసుకుని, పక్కన కూర్చున్నాను.
బస్సు కదిలింది. రేవు దీపాలు వచ్చాయి, వెళ్ళాయి.
సొరంగం చీకట్లో రెండు వేళ్ళతో పైకి లాగాను.
ఆమెకి తెలియలేదు.

చేపల బజారు దగ్గర తనంతట తానే లేచింది.
"ఏ స్టాపు?" అంది,
నోటి తడి తుడుచుకుంటూ.

ఆ రాత్రి మళ్ళీ కంటి మీద కునుకు లేదట.
పావు ముక్క మాత్రం పావుగానే ఉంచింది.
అట్టలో ఇంకా పద్నాలుగున్నాయి.

సూదిని అగ్గిపెట్టెలో తెచ్చి
పొద్దున్నే ఎర్ర డబ్బాలో వేశాను.
గురువారం చీటీలో మాత్రం
ఎక్కినవి పదకొండు, దిగినవి పది.
దిద్దలేదు.